అజంతా పదవ గుహలోని అడవి

సూరత్‌లో తపతి ఒడ్డున నిలబడిన మనిషికి కనిపించేది వంతెనలు, అపార్ట్‌మెంట్లు, దూరంగా మిల్లుల పొగగొట్టాలు. ఆ నీటిలో కొంత అజంతా కొండల నుంచి వస్తుందన్న సంగతి మాలో చాలామందికి చాలాకాలం తెలియదు. అజంతా గుహల పాదాల దగ్గర గుర్రపు లాడంలా మలుపు తిరిగే వాఘోరా నది ఉత్తరానికి ప్రవహించి జల్‌గావ్ జిల్లాలో తపతిలో కలుస్తుంది. తపతి అక్కడి నుంచి పడమటికి వచ్చి, ఉకాయి జలాశయం దాటి, మా ఊరి మీదుగా సముద్రంలోకి పోతుంది. 2006 ఆగస్టులో సూరత్ నగరంలో ఎక్కువ భాగాన్ని ముంచెత్తిన నది ఇదే.

వరంగల్, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి మగ్గం పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వైపు వేలల్లో ఉన్నాయి. వారిలో కొన్ని కుటుంబాలతో మేము ప్రతి ఆదివారం ఒక గదిలో కూర్చుంటాము. త్రిసరణ పంచశీల అయ్యాక పిల్లలకు చదువు, పెద్దలకు కాగితాల పని. ఆ గది గోడకు చాలా ఏళ్లుగా ఒక పటం ఉంది. ఒక పుస్తకంలోని బొమ్మను పెద్దది చేయించి అద్దం కట్టించాము. అజంతా పదవ గుహలోని ఛద్దంత జాతక చిత్రంలో ఒక ముక్క అది. ముదురు గోధుమరంగు చీకటిలో ఏనుగులు, చెట్లు.

ప్రతి బుద్ధ జయంతికీ మేము ఆ పటం చూపి ఒకే మాట చెప్పేవాళ్లం. "చూడండి, బోధిసత్వుని మరణానికి అడవే దుఃఖిస్తున్నది. అందుకే చిత్రకారుడు ఇంత చీకటి రంగు వేశాడు." వినేవాళ్లు తల ఊపేవారు. మేమూ నమ్మి చెప్పిన మాటే అది. ఆ మాట తప్పు. ఎలా తప్పో తెలుసుకోవడానికి మాకు ఒక ప్రయాణం, మాలోనే ఒక రంగుల పనివాని కన్ను అవసరమయ్యాయి. ఆ తప్పు దిద్దుకున్నాక ఆ అడవి మాకు చెప్పింది ముందు చెప్పినదానికంటే పెద్ద సంగతి. దాన్ని పాఠకులతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

గుహ, గోడ

అజంతాలో చిన్నా పెద్దా కలిపి 30 గుహలున్నాయి. అవన్నీ ఒకేసారి తొలిచినవి కావు. క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల్లో, సాతవాహనుల కాలంలో, 9, 10, 12, 13 సంఖ్యల గుహలు వచ్చాయి. తరువాత సుమారు 500 ఏళ్లకు, క్రీస్తుశకం 5వ శతాబ్దంలో వాకాటక రాజు హరిషేణుని కాలంలో మిగిలినవాటిలో అత్యధికం వచ్చాయి. పదవ గుహ తొలి దశకు చెందిన చైత్యం. సుమారు 30 మీటర్ల లోతు, 39 అష్టకోణ స్తంభాలు, చివర ఒక స్తూపం. అందులో తొలి రోజుల్లో బుద్ధ విగ్రహం లేదు. గుహ ముఖభాగాన్ని వాసిఠీపుత కటహాది అనే దాత దానం చేశాడని అక్కడి బ్రాహ్మీ శాసనం చెబుతుంది. తల్లి పేరుతో తన్ను చెప్పుకున్న దాత పేరు మిగిలింది. గోడల మీద అడవి గీసినవారి పేర్లు మిగల్లేదు.

లోపలికి వెళ్తుంటే ఎడమ గోడ మీద ఒక రాజు పరివారంతో బోధివృక్షాన్ని పూజించే దృశ్యం ఉంటుంది. కుడి గోడ మీద రెండు జాతకాలు. ఒకటి సామ జాతకం. అంధులైన తల్లిదండ్రులకు నీళ్లు తేవడానికి వెళ్లిన కొడుకు, వేటకు వచ్చిన రాజు బాణానికి గురైన కథ. రెండోది ఛద్దంత జాతకం. అంటే కుడి గోడ పొడవునా అడవే, ఆ అడవిలోకి బయటి నుంచి వచ్చిన బాణాలే. మన దేశంలో ఇప్పటికి మిగిలిన చిత్రలేఖనంలో అతి ప్రాచీనమైన వాటిలో ఈ గోడ ఒకటి.

1819 ఏప్రిల్ 28న జాన్ స్మిత్ అనే బ్రిటిష్ సైనికాధికారి పులి వేటకు వచ్చి ఈ గుహను చూశాడు. చూసి ఊరుకోలేదు. ఒక స్తంభం మీది చిత్రంపై తన పేరూ తేదీ చెక్కాడు. ఆ చెక్కిన గీతలు ఇప్పుడు మన తలకంటే ఎత్తున ఉంటాయి. అప్పటికి గుహ నిండా మట్టి, రాళ్లు పేరుకుపోయి ఉండటమే కారణం. వేటగాడొకడు ఏనుగు వేట కథ ఉన్న గుహకు దారి చూపించడం చరిత్రలో జరిగిన వింత. ఆనాడు ఆ ప్రాంతం నిజాం రాజ్యంలోది. 1956 రాష్ట్రాల పునర్విభజన దాకా అజంతా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. తెలుగువారు, మరాఠీవారు, కన్నడిగులు ఒకే ప్రభుత్వం కింద ఉన్న రోజుల్లో ఇది మన ఇంటి గోడే.

కథలో అడవి

ఛద్దంత జాతకం తెలియనివారి కోసం నాలుగు మాటలు. బోధిసత్వుడు ఒక జన్మలో హిమవంతంలో ఆరు రంగుల కాంతి చిమ్మే దంతాలున్న ఏనుగుల రాజు. అతనికి మహాసుభద్ద, చుల్లసుభద్ద అని ఇద్దరు భార్యలు. ఒకనాడు పూచిన సాల వృక్షాన్ని అతడు తలతో మోదాడు. గాలివాటుకు పూలూ పుప్పొడీ మహాసుభద్ద మీద పడ్డాయి. ఎండుటాకులూ, పుల్లలూ, ఎర్రచీమలూ చుల్లసుభద్ద మీద పడ్డాయి. అతడు కావాలని చేసిన పని కాదు. కాని ఆమె మనసులో ముల్లు నాటింది. మరోసారి ఒక పద్మం పెద్ద భార్యకే దక్కింది. చుల్లసుభద్ద పగ కోరుకుని మరణించి, కాశీరాజు పట్టపురాణిగా పుట్టింది. జబ్బు నటించి, ఆ దంతాలు తెస్తేనే బతుకుతానన్నది. సోనుత్తరుడనే వేటగాణ్ని పంపింది.

వేటగాడు గోతిలో దాగి, కాషాయం కప్పుకుని, విషబాణం వేశాడు. ఏనుగు అతణ్ని చంపబోయి, కాషాయం చూసి కోపం దిగమింగాడు. రంపం దంతాన్ని కోయలేకపోతే తానే తొండంతో రంపం పట్టుకుని కోసి ఇచ్చాడు. దంతాలు చూసిన రాణి గుండె పగిలి చనిపోయింది.

ఈ కథలో గమనించవలసింది ఒకటుంది. పాలి జాతకం ఆ సరస్సునూ అడవినీ ఎంతో ఓపికగా వర్ణిస్తుంది. నడుమ నాచు కూడా లేని తేట నీరు, చుట్టూ తెల్ల కలువల వలయం, తరువాత నల్ల కలువలు, తామరలు. ఆపైన వరి పొలాలు, గుమ్మడి, సొర తీగలు, పోకచెట్లంత చెరకు, కుండలంత పనసకాయలు, చింత, వెలగ, వెదురు, వాటి చుట్టూ ఏడు కొండలు. బాణం కథకు ఇంత వర్ణన ఎందుకని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు గోడ మీదే ఉంది.

రంగు కాదు, పైపూత

ఉధ్నా నుంచి జల్‌గావ్‌కు రైలులో సుమారు 300 కిలోమీటర్లు. తపతి లోయ వెంబడి నందుర్‌బార్, అమల్‌నేర్ మీదుగా రాత్రి ప్రయాణం. జల్‌గావ్ నుంచి అజంతాకు బస్సులో 60 కిలోమీటర్ల దాకా. ఒక ఆదివారం మేము ముప్పైమందిమి వెళ్లాము. మాతో ఒక డైయింగ్ మిల్లులో ఇరవై ఏళ్లుగా రంగులు కలిపే సోదరుడు వచ్చాడు. బడికి పోయింది తక్కువ. చీర ముక్క చూసి ఏ రంగు ఎన్ని పాళ్లో చెప్పగలడు.

పదవ గుహలో మేము అలవాటుగా పాఠం మొదలుపెట్టాము. "ఈ చీకటి రంగు చూడండి..." అతను ఆపాడు. "ఇది రంగు కాదన్నా. మీద పూసింది. పూసినంక ముదిరింది. అగో, ఆడ తుడిచినకాడ చూడు, కింద ఆకు పచ్చగున్నది."

అతను చెప్పింది నిజం. చరిత్ర కూడా అదే చెబుతుంది. మద్రాసు సైన్యంలోని రాబర్ట్ గిల్ 1840ల నుంచి దాదాపు రెండు దశాబ్దాలు ఇక్కడ చిత్రాలకు నకళ్లు గీశాడు. వాటిలో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తరువాత బొంబాయి కళాశాల అధిపతి జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో 1872 నుంచి 1885 వరకు మళ్లీ నకళ్లు తీయించాడు. వాటిలోనూ ఎన్నో 1885లో లండన్‌లోనే కాలిపోయాయి. మసిబారిన గోడ మీద గీతలు తేటగా కనపడాలని ఆ రోజుల్లో వార్నిష్ పూశారు. పూసిన రోజు బొమ్మ తళుక్కుమంది. ఏళ్లు గడిచేకొద్దీ పూత పసుపై, గోధుమై, కింది రంగులను మింగింది.

1920 తరువాత నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి లొరెంజో చెక్కోని, ఓర్సీని అనే నిపుణులను పిలిపించింది. రాలిపోతున్న పూతను వారు గోడకు నిలబెట్టారు. అది మేలు. కాని వారు వాడిన లక్క పూత కూడా కాలంతో ముదిరింది. దానిపై దుమ్ము, గబ్బిలాల మురికి పేరుకుంది. 1999 తరువాతి సంవత్సరాల్లో భారత పురావస్తు శాఖ రసాయన నిపుణులు 9, 10 గుహల్లో ఆ పొరలను ఓపికగా తొలగిస్తూ వచ్చారు. కప్పడిపోయిన ముఖాలు, ఆకులు, రంగులు మళ్లీ వెలుగు చూశాయి.

అంటే మా పటంలోని దుఃఖం చిత్రకారునిది కాదు. మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతుది. మేము పాతికేళ్లుగా మసికి భాష్యం చెప్పాము. న్యాయశాస్త్రం చదివిన మాకు ఇది సిగ్గుచేటు. కోర్టులో ఒక పత్రం పెడితే మొదట అడిగేది ఏమిటి? ఇది అసలా, నకలా? తరువాత ఎవరైనా దిద్దారా? ఏ మాట ఎవరి చేతివ్రాత? భూమి కాగితాన్ని అడిగే ప్రశ్నలు బొమ్మను ఎందుకు అడగలేదు? బోధిసత్వుని బొమ్మ కాబట్టి అడగనక్కరలేదనుకున్నాము. విని నమ్మవద్దు, చూసి పరీక్షించమన్న ధమ్మంలో ఉంటూ అలా అనుకున్నాము.

అడవి ఎలా కట్టారు

ఇక చిత్రకారుని చేతిపని సంగతి. పదవ గుహలోనూ, అజంతా అంతటా, గోడ తడిగా ఉండగానే రంగు వేసే పద్ధతి లేదు. ఆరిన పూత మీద, జిగురు కలిపిన రంగులతో గీశారు. ఉలితో గరుకుగా వదిలిన నల్లరాతి గోడకు మొదట మట్టి పూత. ఆ మట్టిలో రాతిపొడి, ఇసుక, ఊక, గడ్డిపరకలు. దానిపైన మరింత మెత్తని పూత. చివరన సన్నని తెల్లని పొర. మన పల్లెల్లో గోడకు మట్టి మెత్తి అలికి సున్నం వేసే పనికి ఇది దూరపు చుట్టం కాదు, దగ్గరి చుట్టమే. అలికిన చేతులకూ గీసిన చేతులకూ మధ్య పెద్ద గీత గీయడం మనకు తరువాత పట్టిన జబ్బు.

రంగులు చాలావరకు మట్టి నుంచీ రాతి నుంచీ వచ్చినవే. ఎర్రమన్ను, పసుపుమన్ను, అక్కడి నల్లరాతి పొరల్లో దొరికే ఆకుపచ్చ మట్టి, తెలుపుకు సుద్ద, నలుపుకు దీపపు మసి. 5వ శతాబ్దపు గుహల్లో మెరిసే నీలం అఫ్ఘానిస్తాన్ బదఖ్‌షాన్ గనుల లాజవర్దం. వర్తకుల బిడారుల మీద వచ్చింది. పదవ గుహ తొలి చిత్రాల్లో ఆ నీలం లేదు. ఊరి చుట్టుపక్కల మట్టితోనే ఆ అడవి పుట్టింది.

మొదట ఎర్రమన్నుతో గీత. తరువాత రంగు నింపడం. చివరగా ముదురు గీతతో అంచు తేల్చడం. రెండోసారి గీసిన గీత మొదటిదానికి నకలు కాదు. చేయి అక్కడక్కడ మనసు మార్చుకుంటుంది. తొలి దశ చిత్రాల్లో గీతదే పెత్తనం. ఏనుగు గుండ్రదనం, బరువు, చర్మం మడత అంతా గీత లావు సన్నాలతోనే వస్తుంది. తరువాతి గుహల్లో నీడలు, మెరుపులు పెరుగుతాయి. ఆ నీడలు వేసే తీరులకు తరువాతి కాలపు చిత్రసూత్రం పత్రజ, ఐరిక, బిందుజ అని పేర్లు పెట్టింది. ఆకు ఈనెల్లాంటి గీతలు, సన్నని దగ్గర గీతలు, చుక్కలు అని అర్థం చేసుకోవచ్చు.

చెట్లను చూడండి. "చెట్టు" అని ఒక గుర్తు పెట్టి వదిలేయలేదు. ఆకు తీరును బట్టి ఇది మర్రి, ఇది మామిడి అని పల్లెలో పెరిగిన ఎవరైనా చెప్పగలరు. మాతో వచ్చిన ముసలమ్మలు చెప్పారు కూడా. ఏనుగులూ అంతే. పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, తిరిగి చూసేది ఒకటి, మందలో సగం దాగినది ఒకటి. ఏనుగులతో కలిసి బతికిన కళ్లు చూసిన చూపు అది.

మరో సంగతి. ఈ అడవిలో ఆకాశం లేదు. దూరంగా సన్నబడే దారి లేదు. మనం బళ్లో నేర్చుకున్న ప్రకృతి దృశ్యంలో రెండు కొండల మధ్య సూర్యుడు, కింద నది, పక్కన గుడిసె ఉంటాయి. చూసేవాడు ఒకచోట నిలబడి కిటికీలోంచి చూసినట్టు ఉంటుంది. ఐరోపాలో ఒకే బిందువు నుంచి చూసే ఆ పద్ధతి 15వ శతాబ్దంలో స్థిరపడింది. పదవ గుహ చిత్రకారుడు మనల్ని ఒకచోట నిలబెట్టడు. స్తంభాల వెనక ఇరుకు దారిలో, స్తూపానికి ప్రదక్షిణంగా నడుస్తూ చూడాలి. నడిచేవాని పక్కనే అడవి నడుస్తుంది. అందుకే అది గోడ నిండా, అంచు నుంచి అంచుకు, ఖాళీ లేకుండా అల్లుకుని ఉంది. మాలో ఒక మగ్గం కార్మికుడు దీన్ని తన భాషలో చెప్పాడు. పడుగు మొత్తం నిండినాక పేకకు చోటు వెతకనక్కరలేదట. ఏనుగులూ చెట్లూ అలా ఒకదానిలో ఒకటి కలిసి నేసినట్టున్నాయి.

భావం ఎక్కడుంది

మరి చీకటి రంగు దుఃఖం కాకపోతే, ఈ చిత్రంలో దుఃఖం లేదా? ఉంది. కాని అడవి ముఖం మీద లేదు.

విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం చిత్రంలో తొమ్మిది రసాలుంటాయన్నది. ఋతువులను ఎలా చూపాలో కూడా చెప్పింది. వేసవికి నీడ వెతుక్కునే జంతువులు, ఎండిన చెరువు. వానకు మెరుపులు, మబ్బులు. వసంతానికి పూచిన చెట్లు. ఆ గ్రంథం ఈ గోడకంటే వందల ఏళ్లు తరువాతిదే అయినా, మన చిత్రకారుల అలవాటు దానిలో తెలుస్తుంది. భావాన్ని వారు రంగు మసకలో వెతకలేదు. ఏ చెట్టు పూచింది, ఏ జంతువు ఏం చేస్తోంది అన్న వివరంలో పెట్టారు.

ఆ వివరాన్ని చూస్తే ఛద్దంత వనం సమృద్ధిగా ఉంది. ఏనుగులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఆకులు దట్టంగా ఉన్నాయి. బాణం పడిన తరువాత చెట్టు ఎండిపోయినట్టు గీయలేదు. జాతక కర్త అంత ఓపికగా కలువల వలయాలు లెక్కపెట్టింది కూడా ఇందుకే. పోయేది ఎంతటిదో ముందు చూపించాలి. కరువులో ఒక చెట్టు కొడితే అది వార్త. నిండిన తోటలో మనిషి చేతితో పడినదాన్ని చూస్తేనే అది అన్యాయమని తెలుస్తుంది. పచ్చదనమే ఇక్కడ కరుణకు ఆధారం. మేము గోధుమరంగును పట్టుకుని ఏడ్చినన్నాళ్లూ ఈ పచ్చదనాన్ని చూడలేకపోయాము.

రెండో ఆధారం మరింత ముఖ్యం. ఈ గోడ మీద కథ కాలక్రమంలో సాగదు. అజంతా కథనాన్ని జీవితమంతా పరిశీలించిన డీటర్ ష్లింగ్లోఫ్, విద్యా దెహేజియా వంటి పండితులు చూపించిన సంగతి ఇది. చిత్రకారుడు సంఘటనలను జరిగిన వరుసలో కాక, జరిగిన చోటును బట్టి పేర్చాడు. అడవిలో జరిగినవి అడవి దగ్గర. అంతఃపురంలో జరిగినవి అంతఃపురం దగ్గర. రాణి కోరిక మొదట్లోది, రాణి మూర్ఛ చివరిది. రెంటికీ స్థలం అంతఃపురమే. వాటి మధ్య జరిగినదంతా అడవిలో. చూసేవాడు అటూ ఇటూ తిరిగి కలుపుకోవాలి. ఇక్కడ ప్రకృతి దృశ్యం కథకు వెనక తెర కాదు. కథకు అదే వ్యాకరణం.

"బాణం తగిలినోడే ఓర్సుకోవాల్నా?"

గుహ బయట చెట్టు కింద భోజనాల దగ్గర ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. అతని తండ్రికి పవర్‌లూమ్‌లో రెండు వేళ్లు పోయాయి. నీ అజాగ్రత్తే కారణమని యజమాని చేతులు దులుపుకున్నాడు. ఆ కేసు కాగితాలు మా దగ్గరే ఉన్నాయి. "సార్, బాణం తగిలినోడే ఓర్సుకోవాల్నా? పండ్లు గుడ కోసియ్యాల్నా? గిదేనా మనకు నేర్పేది?"

ఇది తేలికగా తీసుకోదగ్గ ప్రశ్న కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ వెంట లక్షలమంది ధమ్మం స్వీకరించింది ఓర్చుకోవడం ఇంకా బాగా నేర్చుకోవడానికి కాదు. వేల ఏళ్లు ఓర్చుకున్నవారికి మళ్లీ ఓర్పు పాఠం చెబితే అది ధమ్మం పేరుతో మోసమే. మేము చాలాసేపు జవాబు చెప్పలేకపోయాము. జవాబు ఒక తల్లి నుంచి వచ్చింది. ఇంటి దగ్గర చీరలకు స్టోన్లు అంటించి పూట గడుపుకునే మనిషి. "రాణి ఇల్లు ఒక దిక్కు, అడవి ఒక దిక్కు. నడుమ గోడ లేదు సూసినవా బిడ్డా? బాణం ఆడికెల్లే వచ్చింది."

ఆ మాటతో కథ మాకు కొత్తగా తెరుచుకుంది. జాతకంలో ఏనుగు క్షమించే ముందు ఒక ప్రశ్న అడుగుతాడు. నీ కోసం చంపుతున్నావా, ఎవరైనా పంపితే వచ్చావా? వేటగాడు రాణి పేరు చెబుతాడు. ఏనుగుకు పాత జన్మ పగ అర్థమవుతుంది. అంటే మొదట విచారణ. కారణం ఎక్కడిదో తేల్చడం. మేము చదువుకున్న, 2024 దాకా అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతిలో 107వ సెక్షన్ ప్రేరేపణ గురించి చెప్పేది. చేసినవాడితో పాటు చేయించినవాడూ జవాబుదారే. 2000 ఏళ్ల కిందటి గోడ అదే సంగతి రంగుల్లో చెప్పింది. బాణం వేసిన చేతిని మాత్రమే చూపి ఊరుకోలేదు. ఆజ్ఞ పుట్టిన మేడనూ అంత శ్రద్ధగానే గీసింది. చివరి మాట కూడా మేడలోనే ఉంది. దంతాలు చేరిన చోట రాణి కూలిపోతుంది.

కోపం దిగమింగడం అంటే కారణాన్ని మరచిపోవడం కాదు. కోపంతో వేటగాణ్ని తొక్కి చంపి ఉంటే ఏనుగుకు రాణి సంగతి తెలిసేదే కాదు. మిల్లులో మేస్త్రీని కొట్టి వచ్చినవాడికి కేసు నిలబడదు. రోజు, గంట, యంత్రం, సాక్షి పేర్లు రాసిపెట్టుకున్నవాడికి నిలబడుతుంది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది అందుకే. ఆ యువకునికి మేము చెప్పింది ఇంతే. ఏనుగు దంతాలు ఇచ్చింది బోధిసత్వుని త్యాగం. అది యజమాని నీ దగ్గర అడిగి తీసుకునే హక్కు కాదు. నువ్వు నేర్చుకోవలసింది ఏనుగు వేసిన ప్రశ్న.

అతను పూర్తిగా ఒప్పుకోలేదు. "సూద్దాం సార్" అన్నాడు. ఆ తరువాతి ఆదివారం తండ్రి హాజరు కార్డులు వెతికి పట్టుకొచ్చాడు. కేసు ఇంకా నడుస్తున్నది.

కథకు ముందుమాటగా జాతకంలో మరో సంఘటన ఉంది. శ్రావస్తిలో తథాగతుడు ఉపదేశిస్తుంటే ఒక యువ భిక్షుణి మొదట నవ్వింది, తరువాత బిగ్గరగా ఏడ్చింది. గత జన్మలో ఈయన భార్యను కదా అని నవ్వు. ఈయనకు నేనే కీడు చేశాను కదా అని ఏడుపు. ఆమే చుల్లసుభద్ద. తరువాత ఆమె అర్హతురాలైంది. చేయించినది ఎవరో తేల్చిన కథ, ఆమెకు మారే దారి కూడా మూయలేదు. శిక్ష గురించి మా వృత్తిలో జరిగే వాదాలన్నీ ఆ రెండు మాటల్లో ఉన్నాయి.

లాట, ఆంధ్ర

ఛద్దంతుని కథ ఒక్క పదవ గుహతో ఆగలేదు. భర్హుత్, సాంచీ శిల్పాల్లో ఉంది. మన అమరావతి స్తూపం మీద ఒకే వలయంలో ఏనుగు రాజు పలుమార్లు కనిపిస్తూ కథ మొత్తం నడుస్తుంది. అజంతాలోనే 17వ గుహలో 500 ఏళ్ల తరువాత ఇంకో చేయి మళ్లీ గీసింది. అక్కడ రాళ్లు పెట్టెలు పేర్చినట్టు కోణాలు తేలి ఉంటాయి, తామర కొలనులో ఏనుగులు జలకాలాడుతుంటాయి. ఒకే కథ, రెండు కాలాలు. పోల్చి చూస్తే మార్పు చేతి అలవాటుదో, భావానిదో తేల్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు.

పక్కనే 16వ గుహలో హరిషేణుని మంత్రి వరాహదేవుని శాసనం ఉంది. అందులో రాజు ప్రశంసలో దేశాల పేర్లు వరుసగా వస్తాయి. కుంతల, అవంతి, కళింగ, కోసల, త్రికూట, లాట, ఆంధ్ర. అక్షరాలు కొన్ని చెరిగిపోయాయి కాబట్టి హరిషేణుడు వాటిని గెలిచాడా, ప్రభావంలో ఉంచుకున్నాడా అని పండితులు వాదించుకుంటారు. మాకు ఆ వరుసే చాలు. లాట అంటే ఇప్పటి దక్షిణ గుజరాత్, మా సూరత్ ఉన్న నేల. దాని పక్కనే ఆంధ్ర. ఒక రాయి మీద పక్కపక్కన నిలిచిన ఆ రెండు పేర్లను సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు చదివి వినిపించినప్పుడు వాళ్ల ముఖాలు చూడవలసినవి. "మీది ఏ ఊరు" అని రెండు చోట్లా అడిగించుకునే పిల్లలు వాళ్లు.

ఎలా చూడాలి

ఇప్పుడు మా గదిలో పాత పటం అలాగే ఉంది. తీసేయలేదు. పక్కన శుభ్రం చేసిన తరువాతి భాగాల బొమ్మ ఒకటి పెట్టాము. పిల్లలు రెండూ చూసి మూడు ప్రశ్నలు వేసుకుంటారు. ఇందులో చిత్రకారుడు చేసింది ఏది? కాలమూ మనుషులూ తరువాత చేర్చింది ఏది? మనం మన మనసులోంచి తెచ్చి పెడుతున్నది ఏది? మూడో ప్రశ్న దగ్గర పెద్దలే ఎక్కువ తడబడతారు.

అజంతాకు వెళ్లే పాఠకులకు ఒక మనవి. సోమవారం గుహలకు సెలవు. లోపల ఫ్లాష్ వాడకూడదు, గోడ తాకకూడదు. పదవ గుహలో ముందు పది నిమిషాలు ఏమీ చెప్పకుండా, ఏమీ వినకుండా నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక మొదట ఆకులు చూడండి, తరువాత ఏనుగులు, ఆ తరువాత మేడ. మేడ నుంచి మళ్లీ అడవికి రండి. బయటికి వచ్చాక కింద వాఘోరాలో నీళ్లుంటే కాసేపు కూర్చోండి. ఆ నీళ్లు మా ఊరికే వస్తాయి.